పెట్టె లేని పాట

కావలి నుంచి జువ్వలదిన్నె వెళ్లే బస్సులో, నేను చేసిన రీమిక్స్‌ను ఫోన్‌లో చిన్నగా పెట్టుకుని వింటున్నాను. పాత క్యాసెట్‌లోని చర్చి పాట అది. పాడినాయన గొంతు మాత్రం ఉంచి, చుట్టూ ఎలక్ట్రానిక్ మోతలు పేర్చాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి తట్టింది. "ఇది మా చర్చి పాట నాయనా! హార్మోనియం పెట్టె వాయించింది మా ఆయనే. ఆయన పోయినాడు, క్యాసెట్టేమో తుపానుకు తడిసిపోయింది. మళ్లా మొదట్నించి పెట్టు."

ఫోన్ చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నది. "పెట్టె యాడా రాలేదే?" అని అడిగింది.

ఆ పెట్టె తిత్తి ప్రతి చరణంలోనూ కిర్రుమనేది. అది పాటను పాడు చేస్తోందని హార్మోనియం మొత్తం తీసేశాను. ఫోన్‌లో జాగా చాలక అసలు రికార్డింగునూ చెరిపేశాను. నా దగ్గరున్న క్యాసెట్ టేపు అంతకుముందే తెగిపోయింది.

"పెట్టె ఉన్న పాట ఇంట్లో ఉందమ్మా, పంపిస్తాను" అన్నాను.

ఆమె సంబరంగా కూతురి నంబరు చెప్పి, నా చేత మిస్డ్ కాల్ ఇప్పించుకుంది. దిగేటప్పుడు, "ఆ పెట్టె కిర్రుమంటాది, దాన్ని తీసెయ్యబాక నాయనా, అట్టే పంపు" అన్నది.

తర్వాత కొన్నాళ్లు, ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చేది. మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి. ఈ మధ్య రావడం లేదు.