ఎడమ పక్క లైట్‌హౌసు

నా ఎడమ చెయ్యి ఒకసారి అబద్ధమాడింది. దానికి చాలా ఏళ్ళ ముందే నోరు ఆడింది. ఆ రెండు అబద్ధాల బరువూ ఇన్నాళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకి చెప్పలేదు. దేవుడి దగ్గరా చెప్పలేదు. సింహాచలం కొండెక్కినప్పుడల్లా ఆరోగ్యం, పిల్లల చదువులు అడిగి, ఇది మాత్రం జేబులోనే పెట్టుకుని దిగొచ్చేశాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. విని నవ్వుతారేమో కూడా, ఎందుకంటే ఇది ఒక వీడియో గేము సంగతి. నవ్వండి, పర్వాలేదు. కానీ చివరిదాకా వినండి.

ఎనభైల నడుమ మాట. ద్వారకా నగర్లో, బస్ కాంప్లెక్సుకి దగ్గరగా, ఒక టైలరు షాపు పక్కన గౌర్నాయుడు వీడియో గేము కొట్టు పెట్టాడు. అతనిది తగరపువలస దగ్గర పల్లె. కుర్రతనంలోనే ఓడలెక్కి ఇంజను గదుల్లో పనిచేశాడు. ఆ రొదకి చెవులు పాడవుతున్నాయి, మానకపోతే పూర్తిగా పోతాయి అని డాక్టరు చెబితే ఒడ్డుకొచ్చేశాడు. ఉన్నదంతా ఊడ్చి మద్రాసు నుంచి ఒక పాత మిషను తెప్పించాడు. బీరువా అంత పెట్టె, మధ్యలో టీవీ, కింద చేత్తో తిప్పే చిన్న కర్ర. బిళ్ళ వేస్తే ఆట మొదలవుతుంది. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది. మేమందరం 'పడవ' అనేవాళ్ళం.

పడవలో చేసే పని ఒక్కటే. ఒడ్డు నుంచి బయల్దేరి, అలలు తప్పించుకుంటూ సముద్రంలోకి పోయి, చేపలు పట్టి, తుఫాను ముంచుకొచ్చేలోగా ఒడ్డుకి తిరిగి రావాలి. అంతే. తుపాకులు లేవు, చావడాలు చంపడాలు లేవు. పడవ జెట్టీకి తగిలినప్పుడు మిషనులోంచి ఒక చిన్న పాట వచ్చేది. అది వినడానికే జనం ఎగబడేవాళ్ళు. పోర్టులో డ్యూటీ దిగినవాళ్ళు, బస్సు కోసం చూసేవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, అందరూ వెనక నిలబడి అరిచేవాళ్ళు. "ఆగు, ఆగు, అల తగ్గనీ!" "ఒల్లకో, ఇంక సాలు, ఎనక్కొచ్చీ!" ఆడేది ఒకడు, ఒడ్డుకు చేరేది పదిమంది.

మాది గోదావరి వైపు. నాన్న పోర్టులో గుమాస్తా. నేను డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం తిరుగుతున్నాను, అంటే ఎక్కువగా ఆ కొట్టుకే తిరుగుతున్నాను. మావైపు బావ అంటే చుట్టరికం ఉండాలి. గౌర్నాయుడు నన్ను మొదటి రోజే "రా బావా" అన్నాడు. ఇక్కడ అందరూ అందరికీ బావలేనని తెలిసినా, నాకు ఎందుకో సొంతంగా పిలిచినట్టనిపించింది. ఇంట్లో ఎవరూ నన్ను అంత ఆప్యాయంగా పిలవడం లేదప్పుడు.

రోజూ కొట్టు తెరవగానే మిషనుకి బొట్టు పెట్టి, అగరొత్తి వెలిగించి, మొదటి బిళ్ళ నా చేతిలో పెట్టేవాడు. బోణీ నాది. నేను ఆడి పడవని ఒడ్డుకు చేర్చాలి, పాట రావాలి. పాట వస్తే ఆ రోజు బేరానికి తిరుగు లేదని అతని నమ్మకం. నా పడవ ఎప్పుడూ మునగలేదు. "సెయ్యంటే నీదే బావా," అనేవాడు. ఉద్యోగాల వాళ్ళందరూ పనికి రాదన్న చెయ్యి, అతనికి బోణీ చెయ్యి. నేను ఎంత పొంగిపోయేవాణ్ణో మీకు చెప్పలేను.

అలా ఉండగా, పడవకి రెండో భాగం వచ్చిందని మద్రాసు ఏజెంటు కబురు చేశాడు. కొత్త మిషను కావాలంటే పాతది ఇచ్చెయ్యాలి, పైన కొంత కట్టాలి. గౌర్నాయుడు తేల్చుకోలేకపోయాడు. సరిగ్గా అప్పుడే నాకు మద్రాసులో ఇంటర్వ్యూ పడింది.

"అమ్మినోడి మాట నాకొద్దు బావా. ఆడినోడి మాట కావాల," అన్నాడు. "నువ్వెల్లి ఓపాలి ఆడి రా. నీ సెయ్యి ఏటంటే అదే సేత్తాను."

ఇక్కడ నేను ఆగిపోతుంటాను, ఎప్పుడు తల్చుకున్నా. ఇక్కడిదాకా నేను మంచివాణ్ణే.

ఇంటర్వ్యూలో వాళ్ళడిగింది నాకు అర్థం కాలేదు. నేను చెప్పింది వాళ్ళకి అర్థం కాలేదు. ముఖం వేలాడేసుకుని ఆ ఏజెంటు చెప్పిన వీధికి వెళ్ళాను. అద్దాల తలుపుల కొట్టు. లోపల ఖరీదైన చొక్కాల కుర్రాళ్ళు ఇంగ్లీషులో నవ్వుకుంటున్నారు. మిషను తలుపు దగ్గర్నుంచే కనబడుతోంది. దాని పక్క చెక్క మీద నీలం సముద్రం, పెద్ద పడవ, బొమ్మ భలే ఉంది. ఒకడు నన్ను చూసి ఏదో అడిగాడు. అర్థం కాలేదు. పొద్దుట నుంచి అదే పని, అడగడమూ నాకు అర్థం కాకపోవడమూ. వాడు మళ్ళీ అడిగాడు, పక్కవాడు నవ్వాడు. నేను గడప దాటకుండా వెనక్కి తిరిగాను. స్టేషనులో బెంచీ మీద కూర్చుని రైలు కోసం ఎదురు చూశాను.

ఆట ఆడలేదు. చూడనైనా లేదు. బొమ్మ చూశాను, అంతే.

తిరిగొచ్చాక ఆ మాట చెప్పేస్తే ఏం పోయేది? "గడప దాటలేకపోయాను బావా" అంటే గౌర్నాయుడు నవ్వి, భుజం తట్టి, "పోన్లే" అనేవాడు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడూ తెలుసేమో. కానీ ఇంట్లో అప్పటికే పనికిమాలినవాణ్ణి. ఆ ఒక్క కొట్టులోనే నేనొక మనిషిని. అక్కడ కూడా తలొంచుకోవడం నావల్ల కాలేదు.

"ఎలాగున్నాది?" అన్నాడు, నేనింకా సంచీ దింపకముందే.

"దీనికి తాతలా ఉంది బావా," అన్నాను.

"ఆడీసేవా?"

"ఆడాను."

అక్కడితో ఆగినా సరిపోయేది. అతని కళ్ళు ఇంకా ఏదో వినాలని చూస్తున్నాయి. ఓడల మీద ఏళ్ళు గడిపినవాడికి ఏం చెబితే నచ్చుతుంది? నోరు దానంతటదే అల్లేసింది. "చాలా దూరం పోతే ఒక లైట్‌హౌసు వస్తుంది. మన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఉన్నదాని లాంటిదే. అక్కడికి చేరితే పాట వస్తుంది. పాతదానికంటే పెద్ద పాట."

అతను పాత మిషను మీద చెయ్యి వేసి నిమిరాడు. "ఓడలో ఉన్నపుడు, ఆ లైటు అగుపిస్తే ఇంటికొచ్చీసినట్టే బావా," అన్నాడు. ఆ వారంలోనే పడవ మిషను లారీ ఎక్కింది. తాళ్ళు బిగించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను.

కొత్తదానికి బోణీ కూడా నేనే చేశాను. బొట్టు, అగరొత్తి, బిళ్ళ. కొట్టు నిండా జనం. పడవ వచ్చింది, కానీ దానికి తుపాకులున్నాయి. చేపలు లేవు. నీళ్ళలోంచి జలాంతర్గాములు లేస్తున్నాయి, పైనుంచి విమానాలు దిగుతున్నాయి. కాల్చాలి, కాల్చాలి, కాలుస్తూనే ఉండాలి. ముందుకు పోవడమే తప్ప వెనక్కి తిప్పితే కర్ర పనిచెయ్యదు. ఒడ్డే లేదు. నా పడవ మునిగింది. నా చేతిలో పడవ మునగడం అదే మొదలు. వెనక నుంచి ఎవరో, "ఇదేటి, పడవ కాదిది," అన్నారు.

ఆ మాట నిజం. పడవని పేరుకి ఉంచుకుని, దాంట్లో మేం ప్రేమించినదంతా తీసి పారేశారు. ఆ తయారుచేసినవాళ్ళ మీద నాకు ఎంత కోపం వచ్చిందో! ఆ కోపం చాటున నేను దాక్కున్నాను కూడా. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. టైలరు షాపు అరుగు మీద కూర్చుని, "ఎవడో బాగా అంటగట్టాడు పాపం నాయుడికి," అన్నాను ఒకసారి, నలుగురిలో. తల తిప్పితే గౌర్నాయుడు గుమ్మంలో ఉన్నాడు. విన్నాడు. నీ మాట మీదే కొన్నాను కదా అని అతను ఒక్క ముక్క అంటే చాలు, నా పరువు గంగలో కలిసేది. అనలేదు. లోపలికెళ్ళిపోయాడు.

నాకు నచ్చి చెప్పాను, తీరా జనానికి నచ్చకపోయేసరికి మాట మార్చుతున్నాను, అనుకుని ఉంటాడు. అంతకంటే చెడ్డగా నన్ను అనుకోవడం అతనికి చేత కాదు.

జనం పల్చబడ్డారు. అతను మాత్రం ఆ లైట్‌హౌసు వదల్లేదు. ఖాళీగా ఉన్నప్పుడల్లా తనే బిళ్ళ వేసుకుని ఆడేవాడు. ఇంజను నట్లు బిగించిన చేతులవి, చిన్న కర్రకి వంగేవి కావు. మునిగేవాడు, మళ్ళీ వేసేవాడు. వచ్చినవాళ్ళతో, "ఇంకొంచెం దూరమెల్తే లైట్‌హౌసు వస్తాదట, మా బావ సూసేడు," అని బతిమాలేవాడు. ఒడ్డు చేరని పడవతో రోజు మొదలుపెట్టడం ఓడవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ దీపం ఒక్కసారి కనబడితే బోణీ కుదిరినట్టని అతని ఆశ. నేనేమో అటువైపు వెళ్ళడమే మానేశాను. దారి మార్చి, చుట్టు తిరిగి బస్సెక్కేవాణ్ణి. ఎదురుపడ్డప్పుడు, "అక్కడి మిషనులో చెయ్యి బాగా తిరిగింది బావా, ఇక్కడ కుదరడం లేదు," అన్నాను. దాన్నీ నమ్మాడు.

కొట్టు మూతపడింది. గౌర్నాయుడు మళ్ళీ ఓడెక్కాడని టైలరు చెప్పాడు. ఏ పనికెక్కాడని అడిగాను. అతనికి వచ్చిన పని ఇంకేముంది? ఇంజను గదే.

ఆ తర్వాత నాకు ఉక్కు ఫ్యాక్టరీ కట్టేచోట ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. మనిషి దేన్నైనా మర్చిపోతాడంటారు. నిజం కాదు. మర్చిపోయినట్టు తిరగడం అలవాటవుతుంది, అంతే.

చాలా ఏళ్ళకి అతన్ని సబ్బవరం సంతలో చూశాను. అతని అల్లుడిది ఆ ఊరేనట. జుట్టు తెల్లబడింది. నేనే తప్పుకుపోదామనుకున్నాను, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. అతను చూసేశాడు. "బావా!" అని అరిచాడు, సంతంతా తిరిగి చూసేటంత గట్టిగా. పక్కనున్న వాళ్ళావిడ నాతో చెప్పింది, "ఆయనకి ఇనిపించదు బాబూ. రెండు సెవులూ పోనాయి. సెయ్యితో సెప్పండి."

నా చెయ్యి పట్టుకుని వదలడు. అరచేతిని తిప్పి చూసి, "బోణీ సెయ్యి," అని వాళ్ళావిడకి చూపించాడు. తర్వాత ముఖం దగ్గరగా పెట్టాడు. తన గొంతు తనకే వినబడని మనిషి కదా, గుట్టుగా అడుగుతున్నాననుకుని గట్టిగా అడిగాడు.

"బావా, ఆ లైట్‌హౌసు నాను సూడనేకపోనాను. ఓడ మీద కూడా దాని గురించే ఆలోసించీవోణ్ణి. అది ఏ పక్కన వస్తాది? ఎడమా, కుడా?"

చెవులతో పని లేని జవాబు అది. తల అడ్డంగా ఊపితే చాలు. లేదు బావా, ఏ పక్కా లేదు. ఒక్కసారి తల ఊపడం. ఎంత తేలిక! అతని కళ్ళలోకి చూశాను. అందులో కోపం లేదు, అనుమానం లేదు. ఆశ ఉంది. దాన్ని ఆర్పడం ఇష్టం లేక అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. భయం. ఈ చెయ్యిని అతను వదిలేస్తాడని భయం.

ఎడమ చెయ్యి ఎత్తి చూపించాను.

గౌర్నాయుడి ముఖం విచ్చుకుంది. నుదురు కొట్టుకుని పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! నాను ఎప్పుడూ కుడి పక్కకే పోనాను బావా. తప్పు నాదే."

తప్పు నాదే అన్నాడు. అతను.

అతనిప్పుడు లేడు. వెళ్ళి చెప్పడానికి మనిషి లేడు. ఉన్నా చెప్పేవాణ్ణా? తెలీదు. చెప్పేవాణ్ణని రాసి ఇంకో అబద్ధం ఆడను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఈ ఒక్క మాట రాసుకోనివ్వండి, ఇన్నాళ్ళకి కొంచెం ఊపిరాడుతోంది.

లైట్‌హౌసు లేదు బావా. ఎడమ పక్కా లేదు, కుడి పక్కా లేదు. నేను గడప దాటలేదు.