గాలిమెట్ట మీద సోములమ్మ సైకిలు

పనసగొందిలో సోములమ్మ సైకిలు తొక్కుతుందంటే పక్క ఊళ్లవాళ్లు మొదట నమ్మలేదు. నమ్మాక నవ్వారు. నవ్వి నవ్వి నోళ్లు నొప్పెట్టాక, "మా అల్లం బస్తా కూడా కట్టుకెళ్లవా అప్పా" అంటూ వాళ్లే ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. లోకం తీరు తెలిసిందే కదా.

ఆమెకి సైకిలు పట్టుబడింది తొంభై మూడులో, ఊళ్లో పెద్దవాళ్లకి సాయంత్రం బడి పెట్టిన రోజుల్లో. పాఠం చెప్పడానికి వచ్చే మాస్టారు తన సైకిలు గోడకి ఆనించి లోపల అక్షరాలు దిద్దిస్తుంటే, సోములమ్మ పలక పక్కన పడేసి బయట ఆ సైకిలుతో కుస్తీ పట్టేది. అది మగవాళ్ల సైకిలు. చీర ఎగ్గట్టి, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒక పక్కకి వేలాడుతూ తొక్కేది. అక్షరాలు సగమే వచ్చాయి. సైకిలు మాత్రం పూర్తిగా వచ్చింది. తరవాత కొన్నాళ్లకి పసుపు అమ్మిన డబ్బుతో సంత ఊళ్లో రమణమూర్తి దుకాణంలో ఒక పాత సైకిలు కొనుక్కుంది. రమణమూర్తి విజయనగరం వైపు మనిషి. కొండెక్కి వచ్చి, సైకిళ్లు బాగుచేస్తూ అక్కడే ఉండిపోయాడు.

పనసగొంది కొండ మీద, సంత ఊరు కింద. వెళ్లేటప్పుడు సోములమ్మ అడవిలోని కాలిదారి పట్టేది. క్యారేజీ మీద అల్లం బస్తా బిగించి, వేళ్ల మీదా రాళ్ల మీదా ఎగిరెగిరి పడుతూ దిగేది. వచ్చేటప్పుడు తారు రోడ్డు. ఆ రోడ్డు మీదే ఉంది గాలిమెట్ట. కల్వర్టు దగ్గర మొదలై మలుపులు తిరుగుతూ ఊరి దాకా ఎక్కే ఆ మెట్ట మీద జీపులే మూలుగుతాయి. మగవాళ్లంతా సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేవారు. సోములమ్మ మాత్రం దిగేది కాదు. చివరి మలుపు దాటగానే లోయంతా లేచి వచ్చినట్టు ఒక గాలి మొహానికి తగిలేది. "సంతా నేదు గింతా నేదు మావా, ఆ గాలి కోసమే ఎల్తన్నాను" అని మొగుడు ధర్మతో చెప్పేది. ధర్మ తక్కువ మాటల మనిషి. "ఎల్లు" అనేవాడు.

రెండువేల మూడు చలికాలం ఆమెని పడేసింది.

వలిసె పూలు రాలిపోయిన రోజులవి. పొద్దెక్కినా మంచు విడవలేదు. కాలిదారి కనపడక, ఆ రోజు రోడ్డు మీదుగానే సంతకి దిగుతోంది. గాలిమెట్ట మలుపులో ఎదురుగా ఆవుల మంద ఉందని, వాటి ఊపిరి వినిపించే దాకా ఆమెకి తెలియలేదు. బ్రేకు నొక్కింది. తడి రోడ్డు మీద చక్రం జారింది. ఆవులకి ఏమీ కాలేదు, సైకిలుకి ఏమీ కాలేదు, సోములమ్మ మోకాలి చిప్ప చిట్లింది. పాడేరు ఆసుపత్రిలో కట్టు వేసి పంపారు.

ఆ చలికాలమంతా ఆమె పొయ్యి పక్కన కాలు చాపుకుని కూర్చుంది. ఇంట్లో కుదురుగా కూర్చోవడమంటే ఆమెకి జైలే. దాని మీద ఇంకో అవమానం. మైదానం నుంచి వచ్చి ఇళ్ల దగ్గరే సరుకు కొనే వరహాలు, ఆమె సైకిలు కొన్నాక అటు రావడం మానేసినవాడు, ఏళ్ల తరవాత మళ్లీ ఆమె వాకిట్లో అడుగుపెట్టాడు.

"ఏటి సోములమ్మా, సైకిలు పడుకుండిపోనాదా? పోన్లే, నీకెందుకు స్రమ. నేనే వచ్చి తీసుకెల్తాను గదా" అంటూ కుర్చీ అడిగి వేయించుకుని, అల్లం ధర తనే చెప్పాడు. సంతలో వచ్చే దానిలో సగం కూడా కాదు. ఇంట్లో మందులకి కావాలి. ఇచ్చేసింది. అతను బస్తా ఎత్తించుకుని వెళ్లాక, కట్టు ఉన్న కాలిని చేత్తో కొట్టుకుని ఏడ్చింది. కాలు నొప్పికి కాదు, కోపానికి.

కాఫీ పళ్ల కోతలు అయిపోయి, ఎండ కాస్త వెచ్చబడ్డాక కట్టు విప్పారు. ఆ సాయంత్రమే తమ్ముడు సుక్రు వచ్చాడు. అదే ఊళ్లో, రెండిళ్ల అవతల కాపురం. మంచివాడే కానీ, నోరు మాత్రం మనిషి కంటే నాలుగడుగులు ముందు నడుస్తుంది. తనంత వేటగాడు ఈ కొండల్లో పుట్టలేదని అతని నమ్మకం. ఆ నమ్మకం అతనికి తప్ప ఇంకెవరికీ లేదు.

"అప్పా, ఇంక ఆ సైకిలు నీకెందుకే? మోకాలు పోనాది, వయసు కూడా అయిపోనాది. నాకిచ్చీ. నీ అల్లం నానే సంతకి అట్టుకెల్తాను."

సోములమ్మకి ఒళ్లు మండింది. సైకిలు అడిగినందుకు కాదు, వయసు అన్నందుకు. "ఇటుకల పండగ ఆకరి రోజున కల్వర్టు కాడ ఎక్కి, మెట్ట మీద దిగుతాను. మద్దిలో కాలు కింద పెట్టేనంటే సైకిలు నీదే" అంది.

"పెట్టకపోతే?"

"ఆ రోజే కదా మీరు ఏట నుంచి వచ్చీది. నువ్వు ఉట్టి సేతుల్తో వస్తే, పేడనీళ్లు నా సేత్తోనే పోస్తాను."

సుక్రు పడీపడీ నవ్వాడు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే ఊళ్లో మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని అడవికి పోతారు. ఏమీ కొట్టకుండా తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. వదినలూ మరదళ్లూ పోస్తే అదో సరదా. సొంత అప్ప చేత పోయించుకోవడమంటే ఏడాది పొడుగునా ఊరు చెప్పుకుంటుంది. "నానేనాడు ఉట్టి సేతుల్తో వచ్చేనే?" అంటూ పందెం ఒప్పుకున్నాడు.

మర్నాడు సోములమ్మ సైకిలు దింపమంది. ధర్మ దాన్ని చలికాలమంతా పొయ్యి మీది దూలానికి వేలాడదీసి ఉంచాడు. విత్తనం మొక్కజొన్న పొత్తులు వేలాడదీసేది అక్కడే. పొగ తగిలితే పురుగు పట్టదు, మంచుకి తుప్పు పట్టదు అని అతని లెక్క. భార్య వస్తువని ఎంతో జాగ్రత్తగా కట్టాడు. ఇనుముకి నిజంగానే తుప్పు పట్టలేదు. సోములమ్మ ఎక్కి వాకిలి దాటిందో లేదో ముందు టైరు ఫట్టుమంది. ఆమె దిగి చూసేలోపు వెనకదీ అదే పాట పాడింది. నాలుగు నెలల పొగకీ వేడికీ రబ్బరు అప్పడమైపోయింది.

సుక్రు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. అతని ఆనందం చెప్పనలవి కాదు.

ధర్మ సైకిలుని తలకిందులు చేశాడు. రెండు చక్రాలూ విప్పి, చెరో భుజానికి తగిలించుకుని కొండ దిగిపోయాడు. రమణమూర్తి ఆ టైర్లని వేలితో నొక్కి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమయ్యా ధర్మా, టైర్లా ఎండుచేపలా ఇవి? పొయ్యి మీద ఆరబెట్టావేమిటి?" అన్నాడు. ధర్మ తలదించుకుని, "తెలవనేదు బాబూ. మా ఆడమనిషి మెట్టెక్కాల. మంచివి ఏసీండి" అన్నాడు. కొత్త టైర్లూ ట్యూబులూ వేయించుకుని, బ్రేకు రబ్బర్లు కూడా అడిగి కట్టించుకుని, పొద్దు వాలేసరికి మళ్లీ కొండెక్కాడు. చెమటతో వచ్చిన మొగుణ్ణి చూసి సోములమ్మ తిడదామనుకున్న తిట్లన్నీ మింగేసి, అంబలి ముంత చేతికిచ్చింది.

ఇంక మొదలైంది అసలు కష్టం. ఒకప్పుడు ఆమె మెట్ట ఎక్కే తీరు వేరు. సీటు మీంచి లేచి, ఒళ్లంతా బరువు పెట్టి తొక్కేసేది. ఇప్పుడు లేచి నిలబడితే మోకాలు లోపల చితుకుతున్నట్టు ఉండేది. మొదటిసారి కల్వర్టు దాటి కాస్త దూరం వెళ్లగానే కాలు కింద పెట్టేసింది. రెండోసారి కూడా అక్కడే. రాత్రి ఆముదం ఆకు వేడిచేసి మోకాలికి కట్టుకుని, మర్నాడు మళ్లీ వెళ్లేది. సుక్రు ఎదురైనప్పుడల్లా, "అప్పా, గంటకి కొంచెం నూనె రాయించు, నాకు గంట బాగా మోగాల" అనేవాడు. ఒకరోజు నిజంగానే ఆమెకి ఆశ పోయింది. సైకిలు రోడ్డు పక్కన పడేసి రాయి మీద కూర్చుంది.

అప్పుడు ఆవులు వచ్చాయి. చలికాలంలో ఆమెని పడేసిన మందే. పక్క గట్టు నిటారుగా ఉంది. ఒక్క ఆవు కూడా తిన్నగా ఎక్కలేదు. అడ్డంగా ఇటు పోయి, మళ్లీ అడ్డంగా అటు పోయి, తొందర లేకుండా నెమరేసుకుంటూ పైకి చేరాయి. సోములమ్మ చాలాసేపు చూసింది. "నన్ను పడేసినందుకు ఇది మీరు తీర్చుకున్న బాకీ" అనుకుని లేచింది. ఆ రోజు నుంచి సీటు మీంచి లేవలేదు. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి, ఆ అంచు నుంచి ఈ అంచుకి వంకరలు తిరుగుతూ ఎక్కడం మొదలుపెట్టింది. వారం వారం ఒక మలుపు ఆమె వశమైంది. చివరి మలుపు మాత్రం పండుగ దాకా లొంగలేదు.

పండుగ ఆఖరి రోజు సంత నుంచి ఖాళీ క్యారేజీతో వచ్చి, కల్వర్టు దగ్గర చీర బిగించి ఎక్కింది. ఎండ మాడు మీద ఉంది. ఇప్పపూల వాసన రోడ్డు మీదికి వస్తోంది. మొదటి మలుపు తేలిగ్గా పోయింది. రెండో మలుపులో జనంతో కిక్కిరిసిన జీపు ఒకటి హారను కొడుతూ దిగింది. ఆమె రోడ్డు అంచుకి తప్పుకుంది. చక్రం కంకరలో దిగబడింది. సైకిలు దాదాపు ఆగిపోయింది, కాలు దానంతట అదే పెడలు మీంచి లేచింది. వరహాలు వాకిట్లో కుర్చీ వేయించుకున్న తీరు గుర్తొచ్చింది. లేచిన కాలు మళ్లీ పెడలు మీద పడింది. కంకర చిమ్ముకుంటూ చక్రం తారు మీదికి ఎక్కింది.

చివరి మలుపులో తల ఎత్తి చూసింది. రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర ఉంది.

పండుగ రోజుల్లో రోడ్డు ఆడవాళ్లది. కర్ర అడ్డం పెట్టి, వచ్చే పోయే బండ్లని ఆపి, పండుగ డబ్బులు పుచ్చుకుని కానీ వదలరు. ఇది సోములమ్మకి తెలియనిది కాదు. నిరుడు ఆ కర్ర పట్టుకున్నవాళ్లలో తనూ ఉంది. మెట్ట ధ్యాసలో అది మరిచేపోయింది. ఆగితే కాలు కింద పెట్టాలి. కాలు పెడితే సైకిలు పోయినట్టే. పైగా కర్ర ఒక కొస పట్టుకున్నది చిట్టి, సుక్రు పెళ్లాం. పందెం సుక్రు గెలిస్తే సైకిలు వచ్చేది ఆమె ఇంటికే. ఎత్తమని అరుద్దామంటే సోములమ్మకి ఊపిరి చాల్లేదు. గంట మాత్రం మోగించింది. ఆపకుండా మోగించింది.

"డబ్బులిచ్చి ఎల్లాల! ఎవులైనా ఒకటే!" అని ఒక ముసలమ్మ కేకేసింది.

చిట్టి తన వదిన మొహంలోకి చూసింది. చెమట, దుమ్ము, బిగిసిన పళ్లు. "ఎత్తండే! అది మన గుంట! మన దారిలో మన గుంటకి డబ్బులేటి!" అని అరుస్తూ తన కొస తనే పైకెత్తేసింది. "బేగి ఎల్లు వదినా! మీ తమ్ముడికి తానం సేయించాల!"

నలభై దాటిన సోములమ్మ ఆ మాటతో గుంటే, చిన్నపిల్లే అయిపోయింది. కర్ర కింద నుంచి వంగి దూరి, మెట్ట మీదికి వచ్చేసింది. గాలి తగిలింది. అదే గాలి. డప్పు కొట్టేవాళ్లు కొట్టారు, ఆడవాళ్లు చుట్టూ చేరి చేతులు కలిపి అడుగు వేశారు. సోములమ్మ సైకిలు హ్యాండిలు మీద తల ఆనించి పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. గుంపు వెనక ధర్మ నిలబడి ఉన్నాడు. అతని చేతిలో పేడనీళ్ల కుండ సిద్ధంగా ఉంది.

సాయంత్రం వేటగాళ్లు దిగివచ్చారు. సుక్రు అందరికంటే వెనక, ఆకాశం కేసి చూస్తూ వచ్చాడు. గాలి ఎదురుగా వీచిందట, కుక్కలు తొందరపడ్డాయట, కుందేలు ఒకటి తృటిలో తప్పిపోయిందట. చెప్తూ చెప్తూ అప్ప మొహమూ, పక్కనున్న సైకిలూ చూసి ఆగిపోయాడు.

"దిగనేదా?"

"దిగనేదురా."

నోరు దురుసే కానీ మాట తప్పే మనిషి కాదు. చొక్కా విప్పి మడిచి చిట్టికి ఇచ్చాడు. కళ్లు మూసుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. "పొయ్యే అప్పా." సోములమ్మ కుండ ఎత్తి, తొందరపడకుండా, నడినెత్తి మీద నుంచి పోసింది. ఊరంతా ఈలలు.

పేడనీళ్లు కారుతున్న తమ్ముణ్ణి చూస్తే జాలేసింది. సైకిలు తిప్పి, క్యారేజీ తట్టింది. "కూకో. కల్వర్టు కింద నీళ్లున్నాయి, కడుక్కుందువు గాని."

సుక్రు ఎక్కి కూర్చున్నాడు. సోములమ్మ పెడళ్ల మీది కాళ్లు కదపడం మానేసి సైకిలుని మెట్ట వాలులోకి వదిలేసింది. మొదటి మలుపు తిరిగేసరికి మగతనమంతా ఎగిరిపోయిన వేటగాడు అప్ప నడుం రెండు చేతులా పట్టుకుని కేకలు పెట్టాడు.

"ఆపే అప్పా! నీకు దండం ఎడతాను! నాను దిగి నడిసొస్తానే!"

గాలికి కొంగు ఎగురుతుంటే సోములమ్మ వెనక్కి తిరక్కుండానే అరిచింది.

"ఈ మెట్ట మీద దిగడం మా సైకిలుకి రాదురా!"