చోటే మియా పగలగొట్టని గచ్చు

"గా కమాను మీ నాయినదా? పొద్దుమాపు దాన్నే జూస్తవేంది?" అని తోటి మేస్త్రి నరసింహ ఒకసారి అడిగాడు.

"మా నాయినదైతే ఎప్పుడో అమ్ముకుంటుంటి," అన్నాడు చోటే మియా.

యాభై మూడేళ్ల చోటే మియాది శామీర్‌పేట పక్క పల్లె. గోడలు కట్టడం, కూలగొట్టడం రెండూ అతని పనే. పాత కట్టడాలంటే మాత్రం ప్రాణం. సెలవు దొరికితే బస్సెక్కి సిటీకి పోయి, పాత సమాధుల మీది సున్నపు పూలు చూసొస్తాడు. "సంబంధం మాట్లాడనీకొచ్చి మా దర్వాజ చెక్కడం జూసుకుంట కూసున్నడు. నన్ను జూడనే లేదు," అంటుంది భార్య జహేదా. వారసత్వ సంపద అనే మాట అతనికి తెలియదు. తెలిసినవాళ్లు సభ పెట్టి, శాలువా కప్పించుకుని ఇంటికి పోతారు.

నరసింహ అడిగిన కమాను తూంకుంటలో ఉంది. ఎవరిదో తోట బంగళా ఎప్పుడో కూలింది. పగుళ్లు బారిన బంగళా నేల, ముందటి కమాను మిగిలాయి. కమాను మీద సున్నంతో తీర్చిన రెండు చిలుకలు, ఒక ద్రాక్ష తీగ. పోయినేడు ఆ స్థలాన్ని భీమవరం నుంచి వచ్చి సిటీలో స్థిరపడిన ఉద్యోగి గోపాలరావు కొన్నాడు. స్థలం బాగుచేయమని చోటే మియాకు మూడు వేలు అడ్వాన్సు ఇచ్చి, తర్వాత ఫోన్ చేశాడు: "ఆ పాత గచ్చంతా పగలగొట్టెయ్. ఆదివారం వస్తాం."

చోటే మియా నాలుగు రోజులు తుప్పలు కొట్టాడు, రాళ్లు ఏరాడు. సుత్తి ముట్టలేదు. ఆదివారం కారు ఆగగానే ఎదురెళ్లాడు.

"సార్, గచ్చు పగలగొట్టుడు నాతోని కాదు. అడ్వాన్సు వాపస్ ఇస్త." ఆ అడ్వాన్సు అప్పటికే బియ్యానికి అయిపోయింది.

"నేల పగలగొట్టడానికి ఏం రోగమయ్యా నీకు?"

"నేలనా? గచ్చన్నరు గద సార్!"

"గచ్చంటే నేల కాకపోతే ఇంకేంటి?"

చోటే మియా పైనున్న చిలుకలను చూపించాడు. "మా దిక్కు గీ సున్నపు పనిని గచ్చంటరు."

గోపాలరావు భార్య లలితకుమారి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "అమ్మో! మీ మాట విని కొట్టేసుంటేనో!"

"కొట్టేస్తే కొత్త గేటుకి లక్షన్నర బొక్క," అన్నాడు గోపాలరావు. "అది ఉంచయ్యా బాబూ, దానికే తలుపులు పెట్టించేస్తా."

కళాభిమానం కాదు, పిసినారితనం. చిలుకలకు రెండూ ఒకటే. చోటే మియా కమాను కింద చతికిలబడి, సీసాడు నీళ్లు తాగి, "యా అల్లా! నాలుగు దినాలు నిద్ర లేకుంట జేసిన్రు గద సార్," అని నవ్వాడు. వెంటనే లేచి మధ్యాహ్నానికల్లా నేలంతా ముక్కలు చేశాడు.

అడ్వాన్సు పోను, కూలీలో పదిహేను వందలు గోపాలరావు ఇంకా ఇవ్వాలి.