ఉప్పు చూసే మనిషి

ముద్దత్తకు ఆ పేరు పెట్టింది ప్లేస్కూలు పిల్లలు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కూడా ఒకటి ఉండేది కానీ, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. భర్త పోయాడు. వంట చేసిన మిల్లు క్యాంటీనుతో రుణం తీరిపోయింది. మిగిలిన ఒక్క చెల్లెలూ అక్కా అంటుందే తప్ప పేరు పెట్టి పిలవదు. అందుకని, సోమవారం పొద్దున మూతపెట్టిన డబ్బా చంకన పెట్టుకుని గేటు దాటగానే "ముద్దత్త వచ్చింది" అని పిల్లలు పెట్టే కేకే ఇప్పుడు ఆమెకు ఊరూ పేరూ.

ఆ డబ్బాలో ఉండేది పిల్లలు ఆడుకునే రంగు పిండిముద్దలు. మొదట్లో ఆమెను పెట్టుకున్నది ఊడవడానికి, తుడవడానికి, పిల్లలకు పాలు కాచి ఇవ్వడానికి. కొట్లో కొన్న బంకమట్టి వారం తిరక్కుండానే రాయిలా బిగిసిపోతుంటే చూసి చూసి, "దీనికోసం కొట్టుకెందుకు టీచరమ్మా, నేను చేసుకొస్తా" అంది ఒకరోజు. పెద్దటీచరు సరేనంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం తన గదిలో బేసిన్ ముందు కూర్చోవడం ముద్దత్తకు అలవాటైపోయింది.

బేసిన్లో మైదా, అందులో సగం ఉప్పు, రెండు గరిటెల నూనె, ఒక నిమ్మచెక్క పిండిన రసం, రంగు. వాటి మీద మరిగే నీళ్లు పోసి గరిటెతో తిప్పుతుంది. చెయ్యి ఓర్చుకునేంత వేడికి దిగగానే గరిటె పక్కన పెట్టి పిసుకుతుంది. చెవితమ్మెను ఒకసారి పట్టుకుని, ముద్దను ఒకసారి పట్టుకుని, రెండూ ఒకలాగే ఉన్నాయనిపిస్తే తడిగుడ్డలో చుట్టేస్తుంది. ఉప్పు అంతెందుకంటే, ముద్ద చెడిపోకుండా ఉండటానికి ఒకటి, పిల్లలు నోట్లో పెట్టుకున్నా వెంటనే ఉమ్మేయడానికి ఇంకొకటి.

ఈ పని ఆమెకు అంతగా నచ్చడానికి వేరే కారణం ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ ముద్దకు నాలుకతో పని లేదు. చేత్తో చూస్తే చాలు.

మిల్లు క్యాంటీనులో ఉన్నన్నాళ్లూ ఆమె చెయ్యి పడితే మంచినీళ్లకు కూడా రుచి వస్తుందనేవారు. అలాంటి మనిషికి ఒక చలికాలం జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసననూ రుచినీ మూటగట్టుకుని పోయింది. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు డాక్టరు. రాలేదు. వంటమనిషి నాలుక పోయిందని ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. కొన్నాళ్లు చేతి అలవాటు మీద నెట్టుకొచ్చింది. ఒకరోజు కూర అడుగంటి, బయట బల్లల దగ్గర కూర్చున్నవాళ్లకు మాడువాసన తెలిసింది కానీ, పొయ్యి ముందు గరిటె పట్టుకుని నిలబడ్డ ఆమెకు తెలియలేదు. మర్నాడే మోకాళ్ల నొప్పులని చెప్పి మానేసింది. మోకాళ్లు పాపం నిక్షేపంలా ఉన్నాయి, నింద మాత్రం అవి మోశాయి.

అక్కడినుంచి ఆమె గుట్టు ఆమెతోనే ఉండిపోయింది. ఒంటరిగా ఉండేవాళ్లకు గుట్టు దాచడం కష్టమేమీ కాదు, అడిగేవాళ్లుంటేగా. ఉడికిందేదో పళ్లెంలో పెట్టుకుని, కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ తినేసి, పళ్లెం కడిగేసేది. తినేటప్పుడు దిగులేసేది. అది ఆకలి తీరని దిగులు కాదు. ఇదివరకు ఒంటరిగా తిన్నా, కనీసం కూరైనా ఆమెతో మాట్లాడేది.

ముద్దలో ఉప్పు సరిపోయిందా లేదా అని చూడటానికి మాత్రం ఆమెకు ఒక నాలుక దొరికింది. ప్లేస్కూల్లో ఒక మూడేళ్ల పిల్ల ఉంది. బల్ల అంచు, కిటికీ ఊచ, తన చెప్పు పట్టీ, ఏది కనిపించినా ముందు నాకి చూస్తుంది. అందరూ చిట్టినాలుక అంటారు. కొత్తముద్ద రాగానే మొదటి ముక్క దానిదే. నాలుక ఆనిస్తుంది, కళ్లు గట్టిగా మూస్తుంది, ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలిస్తుంది. పిల్లలంతా పకపకా నవ్వుతారు. ముద్దత్త కూడా నవ్వుతుంది, కానీ ఆమె నవ్వేది వేరే సంగతికి. ఉప్పు సరిపోయిందన్నమాట.

ఇలా రోజులు వెళ్లిపోతుండగా చెల్లెలు వచ్చింది. కళ్ల డాక్టరు దగ్గరకు వచ్చి, పనిలో పనిగా అక్కను చూసి పోదామని ఒక పూట ఆగింది. బస్సెక్కితే సగం పూట దూరంలో ఉంటుంది. అక్కాచెల్లెళ్ల మధ్య పోట్లాటేమీ లేదు. పోట్లాడుకోవాలన్నా కాసేపు కలిసి కూర్చోవాలి కదా. అయితే చెల్లెలి మనసులో ఒక పాత ముల్లు ఉంది. చిన్నప్పటినుంచీ తను చేసిన ఏ వంటకూ అక్క వంక పెట్టకుండా ఉండలేదు. ఉప్పెక్కువంటుంది, ఉడకలేదంటుంది, ఏమీ దొరక్కపోతే గిన్నె బాగాలేదంటుంది.

ఆ మధ్యాహ్నం చెల్లెలు టీ పెట్టింది. ముద్దత్త మళ్లీ ప్లేస్కూలుకు వెళ్లే తొందరలో నిలబడే తాగేసి, "నీ చేతి టీ తాగి ఎన్నాళ్లయిందే. బాగుంది" అని గ్లాసు పెట్టేసి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి చెల్లెలు లేదు. గది ఊడ్చి ఉంది, అరలో డబ్బాలు తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. మంచం మీద దుప్పటి మడత కూడా చెల్లెలిదే. ముద్దత్త ఆ రాత్రి దాన్ని విప్పకుండా పాత చీర కప్పుకుని పడుకుంది.

ఆదివారం ఎప్పటిలాగే బేసిన్ ముందు కూర్చుంది. టీపొడి పక్కనున్న డబ్బాలో చెయ్యి పెట్టి, రవ్వలాంటి తెల్లటి పలుకులు కొలిచి వేసింది. వేడినీళ్లు పోసి పిసుకుతుంటే ముద్ద వేళ్లకు అంటుకుంది. ఇంకాస్త పిండి వేసింది. మళ్లీ అంటుకుంది. చెయ్యి చెబుతూనే ఉంది, ఇది రోజూ చేసే ముద్ద కాదని. ముద్దత్త వినలేదు. వాన పట్టిన గాలి, తేమ ఎక్కువైందని సర్దిచెప్పుకుని, పిండి దట్టించి, రంగులు కలిపి డబ్బాకు ఎత్తింది.

సోమవారం చిట్టినాలుక మొదటి ముక్క అందుకుంది. పిల్లలంతా విదిలింపు కోసం కాచుకుని కూర్చున్నారు. ఆ పిల్ల నాలుక ఆనించింది. కళ్లు మూసింది. తెరిచింది. మళ్లీ నాకింది. తర్వాత ఒక ముక్క కొరికింది.

"బాగుంది" అంది.

చూస్తుండగానే ఒకడు ఎర్రముద్ద, ఇంకొకడు పచ్చముద్ద నోట్లో పెట్టుకున్నారు. ముద్దత్త ఆదరాబాదరా పిల్లల చేతుల్లోంచి లాక్కోవడం మొదలుపెట్టింది. లాక్కుంటే ఊరుకుంటారా, గది దద్దరిల్లేలా ఏడుపులు. పెద్దటీచరు పరుగెత్తుకొచ్చి, ఏమైందని అడిగి, ఒక ముక్క తుంచి నాలుక మీద వేసుకుంది. ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"ముద్దత్తా, ఇదేంటో మీరే ఒకసారి చూడండి" అంది ఇంకో ముక్క అందిస్తూ. అందులో అనుమానమేమీ లేదు. ఎవరైనా ఎవరికైనా అలాగే అందిస్తారు.

ముద్దత్త ముక్క నోట్లో పెట్టుకుంది. క్యాంటీను రోజుల్లో కూర చూసినట్టే పెదాలు కలిపి, ఒక క్షణం ఆగి, తల పంకించింది. నోట్లో మెత్తగా ఏదో కదులుతోంది, అంతే.

"అవును టీచరమ్మా. ఉప్పు కాస్త తగ్గింది."

"ఉప్పు తగ్గడమేంటి? ఇది పాకంలా తియ్యగా ఉంటే."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. వంటగది గుమ్మంలో నిలబడి ముద్దత్త అంతా చెప్పింది. జ్వరం సంగతి, మాడిన కూర సంగతి, పాపం మోకాళ్ల సంగతి కూడా. పెద్దటీచరు మంచి మనిషే. కానీ మంచి మనుషులకు భయాలు ఎక్కువ.

"రోజూ పాలు కాచేది మీరే కదా. పాడైన వాసనొస్తే?"

"కళ్లతో చూసి పోల్చుకుంటానమ్మా. విరిగితే తెలుస్తుంది."

"గ్యాసు లీకైతే?"

ముద్దత్త గుమ్మంలోంచి సిలిండరు వైపు చూసింది.

"ఇకనుంచి మీరు వంటగదిలోకి వెళ్లొద్దు" అంది పెద్దటీచరు. "కోపంతో కాదు, భయపడి చెప్తున్నా."

"మరి ముద్ద?"

"పొద్దున పిల్లలొచ్చే హడావిడిలో ఉప్పు చూడ్డం నాకు గుర్తుండదు. ఇంటి దగ్గరే చూసే మనిషెవరైనా ఉంటే చేసుకురండి. లేకపోతే కొట్లోదే కొందాం. ఉన్నారా ఎవరైనా?"

ముద్ద కొట్లోంచి వస్తే ముద్దత్త ఎక్కడుంటుంది? చీపురుంటుంది, తడిగుడ్డ ఉంటుంది. గేటు దగ్గర కేక ఉండదు.

"ఉందమ్మా. మా చెల్లెలుంది" అంది.

ఉండటం నిజమే. ఎంత దూరంలో ఉందో టీచరు అడగలేదు.

ఇంటికి రాగానే ముద్దత్త పెనం వేడిచేసి, డబ్బాలోంచి చిటికెడు తీసి దాని మీద వేసింది. ఉప్పయితే చిటపటలాడాలి. ఇది కరిగి ఎర్రబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఆదివారమే ఈ పని చేసుంటే సరిపోయేది. ఈ గదిలోకి వచ్చిన మనిషి ఒక్కతే. ఒళ్లు మండిపోయి ఫోను చేసింది.

"నా డబ్బా ఎందుకు ముట్టుకున్నావే?"

"పంచదార పోశానక్కా" అంది చెల్లెలు. "నీ ఇంట్లో ఒక్క పలుకు కూడా లేదు."

"అందులో ఉప్పుండేది."

"తెలుసు. ఆ రోజు పంచదారనుకుని టీలో అదే వేశాను. నువ్వు గటగటా తాగేసి బాగుందని వెళ్లిపోయావు. నేను నా గ్లాసులోంచి ఒక గుక్క తాగాక తెలిసింది. ఆ ఉప్పంతా పాత సీసాలో పోసి అటక మీద పెట్టేశా, పంచదార కొనుక్కొచ్చి ఇందులో పోశా. నీకు చెబుదామంటే నోరు రాలేదు."

"ఎందుకు రాలేదు? నోట్లో నువ్వుగింజ నానదుగా నీకు."

"ఎలా చెప్పనక్కా? పుట్టి బుద్ధెరిగాక నా వంటకు నువ్వు వంక పెట్టకుండా ఉన్నావా? అలాంటిదానివి, నేను బాధపడతానని అంత ఉప్పు టీ చుక్క వదలకుండా తాగావు. బస్సులో ఏడ్చుకుంటూ వెళ్లాను. మా అక్కకు నేనంటే ఎంత ప్రాణమో అని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను."

ముద్దత్త కోపం ఎటు పోయిందో పోయింది. ఊఁ అని ఊరుకుంటే చాలు, జన్మలో సంపాదించలేని మంచిపేరు ఊరికే దక్కుతుంది. చెల్లెలు బతికినన్నాళ్లూ ఆ టీ కథ చెప్పుకుని సంతోషిస్తుంది. కానీ ఆదివారం వస్తోంది. ఉప్పు చూసే మనిషి కావాలి. అంతకన్నా, ఆ గదిలో ఆ అబద్ధంతో కూడా ఒంటరిగా ఉండటం ఆమెకు చేతకాలేదు.

"నీ కోసం తాగలేదే" అంది. "ఉప్పని నాకు తెలీలేదు. నాలుక పోయి చాలా ఏళ్లయింది."

అవతల చెల్లెలి ఇంట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి.

"మరి అన్నం ఎలా తింటున్నావక్కా?"

ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. గుట్టు దాచుకున్నది తానే కదా, ఎవరడుగుతారు? అయినా ఆ మాట వినగానే ముద్దత్తకు ఏడుపు ఆగలేదు. చెల్లెలు కూడా ఊరుకోమనలేదు. చివరికి ముక్కు తుడుచుకుని టీచరు పెట్టిన షరతు చెప్పింది.

"ప్రతి వారం నావల్ల కాదు" అంది చెల్లెలు. "ఈ ఆదివారానికి వస్తా. తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

అన్నట్టే వచ్చింది. వస్తూనే అటక మీది సీసా దింపి, నాలుక మీద ఒక పలుకు వేసుకుని చూసి, "ఇదీ ఉప్పు" అని అక్క చేతికిచ్చింది. టీ కథ ఎత్తలేదు. అందరికీ గొప్పగా చెప్పుకున్న మాట పోయినందుకు ఆమె ముఖంలో ఇంకా కాస్త చిన్నబోయిన గుర్తు ఉంది. ముద్దత్త అది చూసీ చూడనట్టు పిండి పిసికింది. ఈసారి వేళ్లకు అంటుకోలేదు.

గోరువెచ్చటి ముద్దలోంచి చిన్న ముక్క తుంచి చెల్లెలికిచ్చి, ఆమె ముఖం మీదకు వంగింది. చెల్లెలు నాలుక ఆనించింది. కళ్లు గట్టిగా మూసి, ఒళ్లంతా విదిలించి, దొడ్డివైపు పరుగెత్తి ఉమ్మేసి వచ్చింది. ముద్దత్త నవ్వింది. గదిలో తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

తర్వాత చెల్లెలు టీ పెట్టింది. ముందు తన గ్లాసులోంచి ఒక గుక్క తాగి చూసుకుని, అప్పుడు అక్కకు అందించింది. బస్సుకు ఇంకా కొంచెం టైముంది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ఎలా ఉంది?" అంది చెల్లెలు.

బాగుందనడానికి ముద్దత్త నోరు తెరిచింది. ఇన్నేళ్ల అలవాటు. ఆగింది. ఇంకో గుక్క తాగి, నిదానంగా, ఉన్నదేదో చూసుకుంది.

"వేడిగా ఉంది" అంది.