త్రిపురారం పాత బియ్యం

మా చెల్లె అన్నం మానేసినప్పుడు మా నాయన మొదట అనుమానించింది బియ్యాన్ని.

అందులో వింతేమీ లేదు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో బియ్యం చూడటమే ఆయన ఉద్యోగం. సంచిలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరుస్తాడు. నూక ఎంతుందో, రంగు ఎట్లా ఉందో చూస్తాడు. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి, ఇది ఫలానా రకం, ఇన్ని నెలలు నిలవ ఉన్నది అని చెప్పేస్తాడు. మా వీధిలో తెల్లారితే వడ్లు ఉడికే వాసన. డాబా మీద ఆరేసిన బట్టల మీద ఊక బూడిద నల్లగా రాలుతుంటుంది. అలాంటి చోట పిల్ల కంచం పక్కకు జరిపితే, లోపం బియ్యంలోనే ఉందనుకోవడం మాకు తేలిక.

"కొత్త బియ్యం అరగవు. జర పాతయి తెస్త," అన్నాడు.

పాతవి తెచ్చాడు. చెల్లె రెండు మెతుకులు కొరికి లేచింది. బీపీటీ రకం మాని చింట్లు రకం తెచ్చాడు. చింట్లు మాని దంపుడు బియ్యం తెచ్చాడు. వంటింట్లో గోడ పొడవునా సంచులు నిలబడ్డాయి. పిల్ల మాత్రం నెలనెలా సన్నబడుతూ వచ్చింది. వేసుకున్న డ్రెస్సు భుజాల మీద నిలిచేది కాదు.

నేను అప్పటికి సైకాలజీ చదివి, తిండి జబ్బుల మీద పరిశోధన చేసే ఒక బృందంలో పనిచేస్తున్నాను. మా వాళ్లలో కొందరు రక్తం, జన్యువులు చూస్తారు. కొందరు మనసు సంగతి చూస్తారు. నా పని కాలేజీ హాస్టళ్లు తిరిగి ఆడపిల్లలతో మాట్లాడటం. సూర్యాపేటలో కిరాయి గది తీసుకుని, అక్కడి నుంచే కోదాడ కూడా వెళ్లి వచ్చేదాన్ని.

మాకు ఇచ్చిన ప్రశ్నల్లో మొదటిది, లావైపోతానని భయమా అని. ఎక్కడో ఎవరో తయారుచేసిన ప్రశ్న. సూర్యాపేట పిల్లలు దానికి పడీ పడీ నవ్వారు. "లావైతే మంచిదే గదక్కా, మా అమ్మ ఖుష్ అయితది," అంది ఒకమ్మాయి. కోదాడలో మాత్రం ఎముకలు తేలిన ఒక పిల్ల నవ్వలేదు. "భయమేం లేదండీ. రెండు ముద్దలకే గొంతుదాకా వచ్చేసినట్టు ఉంటుంది. మానేస్తే హాయిగా ఉంటుంది," అంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. అంతకు ముందు ఆదివారమే మా చెల్లె అదే మాట అంది. "కడుపుల రాయి పెట్టినట్టుంటదక్కా. తినకుంటేనే నిమ్మళంగ ఉంటది."

మా బృందంలో పెద్దలు చెప్పగా నేను నేర్చుకున్నది ఇదే. చాలా రోజులు ఖాళీగా ఉన్న పొట్ట కదలిక మందగిస్తుంది, కొంచెం తిన్నా నిండిపోయినట్టు ఉంటుంది. కొందరికి తినకపోతే లోపలి గాభరా తగ్గుతుంది, ఆ గుణం కొంతవరకు పుట్టుకతోనే వస్తుంది. అది మొండితనం కాదు, పొగరు కాదు. ఆకలితో ఉన్న మెదడు పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచిస్తుంది. మా చెల్లె తినేది కాదు గానీ ఫోనులో వంటల వీడియోలు చూసేది. నేను ఇంటికి వెళ్తే గుత్తివంకాయ చేసి, నా ఎదురుగా కూర్చుని, ముద్ద కలిపిన దగ్గర నుంచి మింగేదాకా కళ్లార్పకుండా చూసేది. ఆ చూపు ముందు అన్నం తినడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇదంతా ఇంట్లో చెప్పాను. అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"తినకపోవుడు గూడ రోగమేనా? మా సిన్నప్పుడు తినటానికి లేక ఏడ్చినం."

నాయన సంగతి సరేసరి. బియ్యం కొరికి వయసు చెప్పే మనిషికి నేను తిండి గురించి చెప్పబోవడం కమ్మరి వీధిలో సూదులు అమ్మడమే. మా బంధువుల్లో చదువుకున్నవాళ్లు తక్కువ, వైద్యులు మాత్రం ఎక్కువ. గాలి సోకిందని ఒకరు, కడుపులో పురుగులని ఒకరు. త్రిపురారంలో ఉండే మా పెద్దమ్మ తాయెత్తు తెచ్చి కట్టింది. నాకు ఒళ్లు మండిపోయి, పోట్లాడి, చెల్లెను సూర్యాపేటలో ఒక మానసిక వైద్యుడికి చూపించాను. ఆయన నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చేర్చమన్నాడు. అమ్మ బెంచీ మీద నుంచి లేచి నిలబడింది.

"పిచ్చోళ్ల దవాఖానలనా? నా పిల్లకేమన్న పిచ్చా?"

చేర్చనివ్వలేదు, అప్పటికప్పుడు మమ్మల్ని మిర్యాలగూడ బస్సెక్కించింది. చెల్లె మా ఇద్దరి మధ్య కూర్చుని, నా చెయ్యి పట్టుకుని వచ్చింది. ఆ చెయ్యి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పెద్దమ్మ తన ఇంటి గాదెలో నిలవ ఉన్న పాత బియ్యం మూట కట్టి తెచ్చింది. కాలువ కింద సొంత మడిలో పండినవి. నాయన ఒక గింజ కొరికి, "ఇగ ఇవీ బియ్యమంటే," అన్నాడట. అమ్మ మెత్తగా వండి, నెయ్యి వేసి కలిపి, నోటి దగ్గర పెట్టింది. చెల్లె తిన్నది. ఇంకో ముద్ద అడిగి తిన్నది.

ఈ సంగతి నాకు వెంటనే తెలియలేదు. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పవద్దనుకున్నారు. మంచి మాట బయటపెడితే చెడిపోతుందని మాకు భయం. చివరికి చెల్లే ఉండబట్టలేక ఫోను చేసింది. నేను కోదాడ బస్టాండులో ఉన్నాను.

"అక్కా, తింటున్న. అమ్మ పెట్టింది పెట్టినట్టు తింటున్న. నాకు బతకాలనుందక్కా."

అక్కడే, అంతమంది జనంలో, సిగ్గు లేకుండా ఏడ్చాను. బతకాలనుంది అన్న మాట ఆ పిల్ల నోటి నుంచి నేను ఎన్నడూ వినలేదు. కన్నీళ్లు తుడుచుకున్నాకగానీ నేను చదివింది నాకు గుర్తు రాలేదు. గుర్తు రాగానే అమ్మకు ఫోను చేశాను.

"అమ్మా, ఒక్కసారే ఎక్కువ పెట్టకుండ్రి. కొంచెం కొంచెం. ముందుగాల దవాఖానకు తోలుకపోయి రక్తం సూపియ్యాలె."

"తింటలేదని లొల్లి వెట్టినదానివి నువ్వే. తింటుంటే వద్దనేటిదానివి నువ్వే. దిష్టి పెట్టకు బిడ్డా," అని అమ్మ ఫోను నాయనకు ఇచ్చింది. ఆయన గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్లయిందో. "నేను జెప్పలే? బియ్యంలనే ఉన్నది మతలబు."

దొరికిన బస్సెక్కి ఇల్లు చేరేసరికి లోపల పండగలా ఉంది. పెద్దమ్మ గారెలు వండుతోంది. నాటుకోడి కూర ఘుమఘుమలాడుతోంది. చెల్లె మంచం మీద కూర్చుని ఉంది, అమ్మ ముద్దలు పెడుతోంది. బుగ్గలు నిండాయి.

"సూడు, ఎట్ల ఒళ్లు చేసిందో," అంది పెద్దమ్మ.

నేను చెల్లె పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కాను. నొక్కిన చోట గుంట పడి, అలాగే ఉండిపోయింది. అది ఒళ్లు కాదు, నీరు. ఊపిరి పైపైన ఆడుతోంది. గుండె మీద చెవి పెడితే దాని కొట్టుకోవడం వరసలో లేదు. నేను అరిచాను. ముద్ద మధ్యలో లేపుతారా ఎవరన్నా అని అమ్మ కసిరింది. చెల్లె మాత్రం నా మొహం చూసి, మారు మాట్లాడకుండా, చున్నీ తీసుకుని లేచింది.

ఊళ్లో డాక్టరు చూసి, ఇక్కడ కుదరదు, హైదరాబాదు తీసుకుపొమ్మన్నాడు. నల్లగొండ దాటకముందే, అమ్మ ఒళ్లో తల పెట్టుకుని, చెల్లె పోయింది.

మాలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముడుతుందా లేదా అని చూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని పోయినవాళ్లను బతిమాలుకుంటారు. తిండి మానేసిన పిల్లకు ఏది ఇష్టమని వండుతాం? ఆ ప్రశ్న నాకు వచ్చింది గానీ అమ్మకు రాలేదు. త్రిపురారం బియ్యం వండింది. నెయ్యి వేసింది. కోడికూర, గారెలు, ఆ చివరి రోజుల్లో పెట్టినవే అన్నీ పెట్టింది. మేం ఇంకా వెనక్కి జరగకముందే కాకి వాలి, ముక్కు నిండా అన్నం తీసుకుంది.

అమ్మ రెండు చేతులూ జోడించింది.

"సూసినవా బిడ్డా. నా తల్లి ఆకలితోని పోలే. ఆఖరికి నా చేతి ముద్ద కడుపునిండ తిని పోయింది. నాకు గంతే చాలు."

నాయన తల ఊపాడు. ఆ ఒక్క మాట పట్టుకునే అమ్మ అక్కడి నుంచి లేచి ఇంటికి నడవగలిగింది.

నాకు తెలిసింది వేరు. ఆకలికి అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే, రక్తంలో ఉండాల్సిన లవణాలు అమాంతం పడిపోతాయి. నీరు వస్తుంది, గుండె లయ తప్పుతుంది. అందుకే డాక్టర్ల కళ్ల ముందు, రక్తం చూసుకుంటూ, కొద్దికొద్దిగా పెంచాలి. మా చెల్లె గుండె ఎంత నీరసించి ఉందో ఎవరం చూడలేదు. పద్ధతిగా పెట్టినా దక్కేది కాదేమో. అది నేను ఖాయంగా చెప్పలేను. కానీ నెలల తరబడి ఆకలి చేయలేని పని ఆ కొద్ది రోజుల ప్రేమ చేసిందని నా అనుమానం. ఈ అనుమానంతో ఇంట్లో ముగ్గురం ఉండే కన్నా నేనొక్కదాన్నే ఉండటం నయం.

ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాను. మా ప్రశ్నల్లో మొదటిది మార్పించాను. ఈమధ్య మఠంపల్లిలో ఒక తల్లి, ఎండిపోయిన కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, "తింటానంటుంది మేడం, ఇక పెట్టేయమంటారా?" అని ఆశగా అడిగింది. "నెర్రెలు బారిన మడికి కాలువ నీళ్లు ఒక్కసారే వదులుతామా అమ్మా? గట్లు తెగిపోవూ?" అన్నాను. ఆమె వెంటనే అందుకుంది. ఆ రోజే పిల్లను ఆసుపత్రిలో చేర్చింది. మా నాయన కూడా కాలువ కింద పుట్టి పెరిగినవాడే. ఒక్క ముక్కలో అర్థం చేసుకుంటాడు. అందుకే ఆ మాట ఇంట్లో అనను. ఇక్కడ ఎవరి పేరూ రాయకపోవడం కూడా అందుకే.

మొన్న ఇంటికి వెళ్తే అమ్మ వడ్డిస్తూ అడిగింది.

"గింతగనం సదువుతున్నరు, రక్తాలు తీస్తున్నరు గద. నా బిడ్డ ఎందుకు పోయిందో మీ సార్లకు తెలిసిందా?"

గరిటె గాలిలో ఆగి ఉంది. నాయన తినడం ఆపి నా వైపు చూశాడు.

"ఇంకా తెలువలేదమ్మా," అన్నాను.

"తెలిస్తే జెప్పు," అని అమ్మ నా కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. పాత బియ్యమే. త్రిపురారం నుంచి పెద్దమ్మ ఏటా పంపుతూనే ఉంది. నాకు కడుపు నిండిపోయింది, అయినా కలుపుకున్నాను. మా ఇంట్లో అమ్మ వడ్డిస్తుంటే ఇప్పుడు ఎవరమూ వద్దనం.