విత్తనాల పెట్టెలో చాయ్ కప్పులు

ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను యూనివర్సిటీకి రిపేరుకు తప్ప ఎవరు పిలుస్తారు? తార్నాకలో నాది చిన్న వెల్డింగ్ షాపు. నిరుటి వానాకాలం క్యాంపస్ మైదానంలో రైతుమేళా పెట్టారు. అందులో ఒక సీడ్ డ్రిల్‌ను చూపించడానికి నిలబెట్టారు. నారు పోయకుండా వడ్లను నేరుగా సాళ్లలో వేసే యంత్రం అది. మేళా అయ్యాక దాన్ని మా అక్క కిరాయికి మాట్లాడుకుంది. ఊళ్లో వాన పడింది. రేపటికల్లా విత్తకపోతే మట్టిలో పదును ఆరిపోతుంది, మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. అందుకే ట్రాక్టరు వేసుకుని పొద్దున్నే దిగి, నన్ను షాపులోంచి లాక్కుపోయింది.

విత్తనాల పెట్టె మూత ఎత్తాను. ఎత్తినంత వేగంగా దించేశాను.

"ఏందిరా, పామున్నదా?"

"పామైతే మంచిగుండు అక్కా. బిర్యానీ ఉన్నది."

మేళాకొచ్చిన జనం దాన్ని చెత్తకుండీ చేసేశారు. చాయ్ కప్పుల అడుగున పాలు పులిసి బూజు పట్టాయి. చీకి పారేసిన బొక్కలు, నల్లబడిన అరటి తొక్కలు, వాటి మధ్య తెల్లటి పురుగులు. పెట్టె ముందు 'రైతుకు వందనం' అని స్టిక్కరు, దాని మీద ఎర్రగా ఎండిన గుట్కా ఉమ్ము. వందనం అలా పెట్టారన్నమాట.

డ్రిల్‌కు కాపలాగా స్టాల్ దగ్గర కుర్చీలో కూర్చున్నాయన్ని అక్క పట్టుకుంది. "సారూ, గీడనే కూసున్నవ్ గదా, ఒక్కర్నన్నా అడగకపోతివి?"

"పబ్లిక్ అమ్మా. ఎంతమందికని చెప్తం?"

"మీ ఇంట్ల బియ్యం డబ్బాల ఉమ్మితే గూడ పబ్లిక్ అని ఊకుంటవా?"

ఆయన ఫోన్‌లోకి తల దూర్చాడు.

ముక్కుకు తువ్వాలు కట్టుకుని అంతా తోడిపోశాను. పైపుతో నీళ్లు కొట్టేద్దామంది అక్క. వద్దన్నాను. లోపల తడి మిగిలితే వడ్లు అంటుకుని ముద్దవుతాయి, ఒక సాలు చిక్కగా, ఒక సాలు ఖాళీగా పడుతుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, మూత తెరిచి ఎండకు వదిలాను. ఆ గుడ్డల్ని మళ్లీ ముట్టుకోలేదు.

ఆరాక కొన్ని వడ్లు పోసి, ట్రాక్టరు డ్రైవరుతో డ్రిల్‌ను పైకి లేపించాను. అక్క పక్క చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే నేను కింద గొట్టాల దగ్గర కూర్చుని చూశాను. చక్రం తిరిగితే ప్రతి గొట్టంలోంచీ గింజలు రాలాలి. రెండు రాల్చలేదు. ఒకదాంట్లో గుట్కా ప్యాకెట్ మడత పెట్టి కుక్కారు, తీగతో లాగేశాను. రెండోదాని గొట్టం శుభ్రంగానే ఉంది. పెట్టె అడుగున గింజల్ని కొలిచి వదిలే పళ్లచక్రంలో చూద్దును కదా, పళ్ల సందుల నిండా చూయింగ్ గమ్. ఎవడి పంటి గాట్లో దానిమీద అలాగే ఉన్నాయి. గోటితో పీకితే సాగింది.

"ఛీ! ఎవని ఎంగిలో, నేను పీకాల్నా?"

"అయితే నా పొలం ఎండనియ్యి," అంది అక్క.

గేటు దగ్గర చెరుకురసం బండివాణ్ని అడిగి ఐసు ముక్క తెచ్చి రుద్దాను. గమ్ గట్టిపడ్డాక స్క్రూడ్రైవరుతో తడితే పెళ్లలుగా ఊడిపోయింది. చక్రాన్ని తుడిచి మళ్లీ తిప్పించాను. అన్ని గొట్టాలూ రాల్చాయి.

మర్నాడు పొలంలోంచి అక్క ఫోను. "తమ్మీ, నడిమి గొట్టంల గింజ పడ్తలేదు. ఇంకా ఏమన్న మిగిల్చినవా లోపల?"

"డ్రైవరు డ్రిల్ లేపకుండనే రివర్స్ కొట్టిండా?"

"కొట్టిండు. తలకాయ లేదు వీనికి."

"గొట్టం మూతిల మట్టి కుక్కుకున్నది. డ్రిల్ లేపి, పుల్లతోని మట్టి తియ్యి. చక్రం తిప్పి, గింజ పడంగ కండ్లతోని చూసినంకనే దించు. తప్పిన సాలు చేత్తో వెయ్యి."

చీకటి పడుతుండగా మళ్లీ ఫోను.

"అయిపోయింది రా. మట్టిల వేలు పెట్టి చూసిన, కింద ఇంకా తడి ఉన్నది."

"మరి డ్రిల్ ఎప్పుడు తెస్తవ్?"

"తుడిచి తెస్త. గా మేళావాళ్లకు ఇయ్యాల్నంటెనే అసయ్యమైతున్నది."