పాప కుడి కన్ను

మొన్న మా పైవాటాలో అద్దెకు దిగిన అమ్మాయి, యూనివర్సిటీలో చదువుకుంటున్నది, తాళంచెవి ఇవ్వడానికి కిందికొచ్చి, మాటల్లో మాటగా తన ఎడమ కన్ను అసలుది కాదనీ, పసిపిల్లగా ఉన్నప్పుడే కంట్లో క్యాన్సరొస్తే తీసేశారనీ నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాననుకుంటాను. ఆమె మెట్లెక్కి వెళ్లాక తలుపు వేసి, ఆ తలుపుకే ఆనుకుని చాలాసేపు నిలబడిపోయాను.

అరవైల చివరి రోజుల్లో తార్నాక ఎట్లా ఉండేదో నా ఈడువారికి చెప్పనక్కర్లేదు. బండరాళ్ల నడుమ అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు, బస్సు వెళ్లిపోతే మళ్లీ నిశ్శబ్దం. మావారు క్యాంపస్‌లో జంతుశాస్త్రం లెక్చరర్. నల్లగొండ వైపు పల్లె నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి, తల్లి మాటకు ఎదురుచెప్పి ఎరగరు. సాయంత్రాలు మా తొలిచూలు పాపను చంకనేసుకుని ఆర్ట్స్ కాలేజీ ముందరి పచ్చిక దాకా నడిచేదాన్ని. రైలు కూత వినబడితే చాలు, చప్పట్లు కొట్టేది. ఎవరి కళ్లజోడు అందినా లాగి నోట్లో పెట్టుకునేది. దాని తొలి పుట్టినరోజు ఇంకా రాలేదు.

ఒకనాడు దీపాలు పెట్టే వేళ, పాప నావైపు తిరిగినప్పుడు, కుడి కంటి నల్లగుడ్డులోంచి తెల్లటి మెరుపొకటి కనిపించింది, చీకట్లో పిల్లి కన్ను మెరిసినట్టు. మా అత్తమ్మకు చూపిస్తే, "లక్ష్మీకళ బిడ్డా, ఎవలకు చెప్పకు, దిష్టి తగుల్తది" అన్నది. కొద్దిరోజులకు ఆ కన్ను పక్కకు తిరగడం మొదలుపెట్టాక, పోరుపెట్టి మావారిని కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. పెద్దాయన డాక్టరు లైటు వేసి ఎంతోసేపు చూసి, మమ్మల్ని కూర్చోమని, కంటి లోపల గడ్డ ఉన్నదనీ, చాలా అరుదుగా పసిపిల్లలకొచ్చే క్యాన్సరనీ చెప్పాడు. "ఇప్పుడు కన్ను తీసేస్తే పాప బతకొచ్చు. ఆలస్యం చేస్తే మెదడుకు పాకుతుంది."

ఇంట్లో అత్తమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు కన్ను తీపిస్తరా? రేపు అది నలుగుట్ల మొకమెట్ల చూపెట్టుకుంటది? మా ఊరి వైద్యుడు పసరు పోస్తడు, తగ్గుతది."

"కన్ను లేకుంటేంది అత్తమ్మా, బిడ్డ ఉంటది గదా" అన్నాను. ఆవిడ నన్ను చూడలేదు, కొడుకును చూసింది. ఆయన పుస్తకం మూసి, "కొన్నాళ్లు చూద్దాం" అన్నారు. పాప మీద ఆవిడకు ప్రేమ లేదని అనను. రోజూ ఆ పసరు పోసేటప్పుడు పాప ఏడిస్తే తానూ ఏడ్చేది.

ఓ పొద్దున ఎవరికీ చెప్పకుండా పాపనెత్తుకుని బస్సెక్కి ఆసుపత్రికి పోయాను. ఆపరేషనుకు తండ్రి సంతకం కావాలన్నారు. అక్కడినుంచి అట్లాగే క్యాంపస్‌కు పోయి ఆయన క్లాసు బయట నిలబడ్డాను. వచ్చి సంతకం పెట్టమని అడిగితే, పిల్లలందరూ చూస్తుండగా గొంతు తగ్గించి, "ఇంటికి పో. ఇక్కడ నా ఇజ్జత్ తీయకు" అని తిరిగి లోపలికి పోయి పాఠం చెప్పుకున్నారు. పాప నా భుజం మీద నిద్రపోతున్నది.

తర్వాత కన్ను ఉబ్బింది. నొప్పికి పాప నిద్ర పోవడం మానేసింది, రైలు కూసినా చేతులు కదలడం మానేశాయి. అప్పుడు ఆయనే టాక్సీ పిలిచారు. డాక్టరు చూసి, లైటు ఆర్పి జేబులో పెట్టుకుని, "ఇప్పుడు తీసినా లాభం లేదమ్మా" అన్నాడు. ఆ మాట నాతోనే అన్నాడు, మావారితో కాదు.

వానలు మొదలైన రోజుల్లో, ఓ మధ్యాహ్నం, నా ఒళ్లో పోయింది. "దేవుడు తీస్కపోయిండు" అని అత్తమ్మ గుండెలు బాదుకుంది. దేవుడిని ఎందుకనాలో నాకు అర్థం కాలేదు. దేవుడి తరఫున డాక్టరు ఒకసారి చెప్పనే చెప్పాడు.

ఆ తర్వాత మాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. మావారు మంచి అధ్యాపకుడని పేరు తెచ్చుకున్నారు, బతికున్నన్నాళ్లూ పాప ఊసెత్తలేదు. ఇప్పుడు ఆయన లేరు, అత్తమ్మ లేదు; బండరాళ్లు పగలగొట్టి కట్టిన అపార్టుమెంట్ల మధ్య తార్నాకను నేనే గుర్తుపట్టలేను. కొడుకులూ కోడళ్లూ మంచివాళ్లు, గోడకు ఏ రంగు వేయాలన్నా, మనవడిని ఏ బడిలో వేయాలన్నా, "అమ్మా, నువ్వేమంటావ్?" అని అడగనిదే అడుగు వేయరు. మీకేది తోస్తే అది చేయండి అంటాను. పెద్దరికమని వాళ్లు మురిసిపోతారు. ఈ ఇంట్లో నా మాట చెల్లవలసింది ఒక్కసారే. అది ఎప్పుడో దాటిపోయింది.